బ్రిటన్‌లో వారసత్వ పన్ను బాకీ ఏమీ లేదన్న క్లియరెన్స్ పొందడం: ఎగ్జిక్యూటర్లకు సమగ్ర మార్గదర్శి

బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పెద్దదిక్కు కన్నుమూసి, ప్రొబేట్, అంటే ఆస్తి వ్యవహారాలు చూసుకోవడానికి ఇచ్చే అధికార పత్రం, చేతికి వచ్చి, వారసత్వ పన్ను కూడా కట్టేసిన తరువాత, ఎగ్జిక్యూటర్‌గా, అంటే వీలునామా అమలు చేసే బాధ్యతలో, ఉన్న కొడుకో కూతురో అడిగే ప్రశ్న ఒకటి ఉంది. "ఇక మేము పన్నుల శాఖకు బాకీ లేమని రాతపూర్వకంగా ఎవరు చెబుతారు?" ఆ మాట చెప్పవలసింది హిజ్ మెజెస్టీస్ రెవెన్యూ అండ్ కస్టమ్స్, అంటే హెచ్‌ఎంఆర్‌సీ. అది తనంతట తానుగా చెప్పదు, మనమే అడగాలి. అలా అడిగే దరఖాస్తు ఫారం పేరు ఐహెచ్‌టీ30.

ఫారం చిన్నది, నింపడానికి అరగంట చాలు. కష్టమంతా దానికి ముందు నెలల తరబడి చేయవలసిన పనిలో ఉంది. అందుకే ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం ఆ ముందు పని గురించే ఉంటుంది. ఇక్కడ చెప్పే వరుస ఇంగ్లండ్, వేల్స్‌లకు సంబంధించినది. స్కాట్లండ్‌లో ప్రొబేట్ స్థానంలో 'కన్ఫర్మేషన్' ఉంటుంది, కొన్ని ఫారాలు కూడా వేరు.

1. ముందుగా, ఈ పత్రం మీకు అవసరమో కాదో తేల్చుకోండి

ఎస్టేట్, అంటే చనిపోయినవారు వదిలి వెళ్లిన మొత్తం ఆస్తి, చిన్నదైనప్పుడు పూర్తి పన్ను ఖాతా సమర్పించనక్కర్లేదు. అలాంటివాటిని 'ఎక్సెప్టెడ్ ఎస్టేట్' అంటారు. ప్రొబేట్ మంజూరైన తరువాత నిర్ణీత గడువులోగా హెచ్‌ఎంఆర్‌సీ ప్రశ్నలు వేయకపోతే, ఆ ఎస్టేట్ బాధ్యత చట్టప్రకారం దానంతట అదే తీరిపోతుంది. వీరికి ఐహెచ్‌టీ30తో పనిలేదు.

అయితే మనవాళ్లు ఇక్కడ ఒక పరిమితిని గమనించకుండా దాటిపోతారు. బ్రిటన్ వెలుపలి ఆస్తుల విలువ 1,00,000 పౌండ్లు మించితే ఆ ఎస్టేట్ ఎక్సెప్టెడ్ కిందికి రాదు. హైదరాబాద్‌లో ఒక ఫ్లాటో, విజయవాడ దగ్గర ఒక స్థలమో ఉంటే చాలు, ఈ పరిమితి తేలికగా దాటుతుంది. ఆస్తి అంతా భార్యకో భర్తకో వెళ్లి రూపాయి పన్ను పడకపోయినా, అప్పుడు పూర్తి ఖాతా ఫారం ఐహెచ్‌టీ400 సమర్పించవలసిందే. చనిపోవడానికి ముందు ఏడేళ్లలో ఇచ్చిన కానుకలకూ 2,50,000 పౌండ్ల పరిమితి ఉంది.

మీరు ఐహెచ్‌టీ400 సమర్పించి ఉంటే, పన్ను పడినా పడకపోయినా, క్లియరెన్స్ అడగడం మంచిదని నా అభిప్రాయం. వారసులు ఇద్దరు ముగ్గురు ఉండి, వారిలో ఒకరు బ్రిటన్‌లో లేకపోతే, అది లేకుండా పంపకం పూర్తి చేయవద్దని గట్టిగా చెబుతాను.

కారణం చెబుతాను. 2018లో పన్ను వివాదాలు వినే ఫస్ట్-టియర్ ట్రైబ్యునల్ ఒక కేసు విచారించింది. ఎస్టేట్ బాధ్యత తీసుకున్న వ్యక్తి ఆస్తిని చనిపోయినవారి సోదరుడికి అప్పగించాడు. పన్ను తానే కడతానన్న ఆ సోదరుడు కట్టకుండా బార్బడోస్ వెళ్లిపోయాడు. హెచ్‌ఎంఆర్‌సీ 3,40,000 పౌండ్లకు పైగా పన్ను అడిగింది. డబ్బు తన దగ్గర లేదన్న వాదన నిలబడలేదు. పన్ను తీర్చకముందే ఆస్తి చేజార్చుకున్న ప్రతినిధిదే బాధ్యత అయింది.

2. ఈ పత్రం దేనికి పనికొస్తుంది, దేనికి పనికిరాదు

1984 నాటి ఇన్హెరిటెన్స్ ట్యాక్స్ చట్టంలోని 239వ సెక్షన్ కింద ఈ ధ్రువీకరణ వస్తుంది. మరణం వల్ల పడిన పన్ను విషయంలో, ఆస్తుల పూర్తి వివరాలు ఇచ్చి, తేలిన పన్ను చెల్లించిన తరువాత అడిగితే, హెచ్‌ఎంఆర్‌సీ ఇచ్చి తీరాలి. అది వచ్చాక ఆ పన్ను కోసం ఎగ్జిక్యూటర్లనే కాదు, బాధ్యత ఉన్న ఎవరినీ మళ్లీ అడగరు. ఆస్తిపై హెచ్‌ఎంఆర్‌సీకి ఉన్న హక్కు కూడా రద్దవుతుంది.

కానీ అదే సెక్షన్ మినహాయింపులనూ చెబుతుంది, వాటిని తెలుసుకోకుండా దరఖాస్తు చేయడం వృథా.

- మోసం జరిగినా, ముఖ్యమైన విషయం చెప్పకుండా వదిలేసినా ఆ పత్రం రక్షణ ఇవ్వదు.
- తరువాత మరో ఆస్తి బయటపడితే, దాని వల్ల పడే అదనపు పన్నుకు అది అడ్డు కాదు.
- వారసులు తమలో తాము పంపకాన్ని మార్చుకుంటూ రాసుకునే 'డీడ్ ఆఫ్ వేరియేషన్' వల్ల పన్ను పెరిగితే, దానికీ అడ్డు కాదు.

కాబట్టి ఈ పత్రం బలమంతా మీరు వెల్లడించిన వివరాల బలమే. ఇచ్చిన లెక్క ఎంత పూర్తిగా ఉంటే రక్షణ అంత పూర్తిగా ఉంటుంది.

ఇంకొక విషయం. చనిపోయినవారి చివరి సంవత్సరపు ఆదాయ పన్ను, ఎస్టేట్ నిర్వహణ కాలంలో వచ్చిన వడ్డీ, అద్దె, ఇల్లు అమ్మినప్పుడు వచ్చిన మూలధన లాభం మీద పన్ను వంటివేవీ ఈ క్లియరెన్స్‌లోకి రావు. వాటిని విడిగా తేల్చుకోవాలి.

3. తేదీలు ఒక కాగితం మీద రాసుకోండి

ఒక ఉదాహరణ చూద్దాం. మరణం 2025 మార్చి 14న జరిగిందనుకోండి.

- పన్ను చెల్లించవలసిన గడువు, మరణించిన నెల తరువాత ఆరో నెల ముగింపు: 2025 సెప్టెంబర్ 30. ఆ మరుసటి రోజు నుంచి వడ్డీ నడుస్తుంది.
- ఐహెచ్‌టీ400 సమర్పించవలసిన గడువు, మరణించిన నెల ముగిసిన 12 నెలలకు: 2026 మార్చి 31.
- విలువల్లో మార్పులన్నీ కలిపి హెచ్‌ఎంఆర్‌సీకి తెలియజేయడానికి అనువైన సమయం, మరణానంతరం 18 నెలలు: 2026 సెప్టెంబర్ 14 ప్రాంతం.
- డీడ్ ఆఫ్ వేరియేషన్ రాసుకోవడానికి ఆఖరి రోజు, మరణానంతరం రెండేళ్లు: 2027 మార్చి 14.

ఈ చివరి తేదీ క్లియరెన్స్‌కు ముఖ్యం. ఏడేళ్ల లోపు ఇచ్చిన కానుకల మీద పన్ను పడే అవకాశం ఉన్న ఎస్టేట్లలో, ఆ పన్నుకు సంబంధించిన దరఖాస్తును మరణం తరువాత రెండేళ్లు గడిచాకే చేయాలని చట్టం చెబుతుంది. హెచ్‌ఎంఆర్‌సీ తన విచక్షణతో అంతకుముందే తీసుకోవచ్చు. కానుకలు లేని ఎస్టేట్లలో కూడా కుటుంబంలో పంపకం మార్చుకునే ఆలోచన ఉంటే, అది తేలేవరకు ఆగడం మంచిది.

4. మార్పుల పుస్తకం పెట్టండి

ఐహెచ్‌టీ400లో రాసిన అంకెల్లో కొన్ని అంచనాలే ఉంటాయి. కరెంటు బిల్లు చివరి మొత్తం, పెన్షన్ బకాయి, అంత్యక్రియల ఖర్చు, షేర్ల మీద ప్రకటించిన డివిడెండ్ వంటివి నెలల తరువాత గానీ తేలవు. ఖాతా పంపిన రోజునే ఒక నోటుబుక్‌లోగానీ స్ప్రెడ్‌షీట్‌లోగానీ ఈ నాలుగు గడులు గీయండి.

- ఆస్తి లేదా అప్పు పేరు, అది ఐహెచ్‌టీ400లో ఏ గడిలో ఉందో
- ఖాతాలో రాసిన విలువ
- తేలిన అసలు విలువ
- ఆ విలువకు రుజువు, అది వచ్చిన తేదీ

చిన్న మొత్తం కదా అని ఏదీ వదిలిపెట్టవద్దు. ఒక్కొక్కటి చిన్నదే కావచ్చు, అన్నీ కలిపితే పన్ను మారుతుంది. 40 శాతం రేటున, 5,000 పౌండ్ల తేడా అంటే 2,000 పౌండ్ల పన్ను. చెల్లించినదానికన్నా తక్కువ పన్ను పడుతుందని తేలితే తిరిగి తీసుకోవడానికీ ఈ పుస్తకమే ఆధారం.

పెద్ద తప్పు బయటపడితే మాత్రం 18 నెలలు ఆగవద్దు. ఇచ్చిన ఖాతాలో ముఖ్యమైన లోపం తెలిసిన ఆరు నెలల్లోగా సరిచేసిన ఖాతా ఇవ్వడం చట్టపరమైన బాధ్యత.

5. ఇండియాలోని ఆస్తులు: ఇక్కడ ఆగి నెమ్మదిగా పని చేయండి

తెలుగు కుటుంబాల దరఖాస్తులు ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడే. 2025 ఏప్రిల్ 6 నుంచి నివాసమే ప్రధాన ప్రమాణం అయింది. అంతకుముందు 20 పన్ను సంవత్సరాల్లో కనీసం 10 సంవత్సరాలు బ్రిటన్‌లో నివసించినవారి ప్రపంచవ్యాప్త ఆస్తి అంతా ఈ పన్ను కిందికి వస్తుంది. పౌరసత్వం భారతదేశానిదే అయినా, ఓసీఐ కార్డు ఉన్నా దానితో సంబంధం లేదు.

విలువ. ఇక్కడ ఒక మాట మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ల శాఖలు ప్రతి గ్రామానికీ, వార్డుకీ నిర్ణయించే 'మార్కెట్ వాల్యూ' స్టాంపు డ్యూటీ లెక్కకట్టడానికి ఉద్దేశించినది. వారసత్వ పన్నుకు కావలసింది చనిపోయిన రోజున బహిరంగ మార్కెట్‌లో ఆ ఆస్తి వాస్తవంగా పలికే ధర. చాలాచోట్ల ఈ రెండింటి మధ్య పెద్ద తేడా ఉంటుంది. సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయం ఇచ్చిన విలువ పత్రాన్ని జతచేసి ఊరుకుంటే, ప్రశ్న రావడం ఖాయమని అనుకోండి. రిజిస్టర్డ్ వాల్యుయర్‌తో మరణ తేదీ నాటి విలువ నివేదిక రాయించుకోండి. అదే ప్రాంతంలో జరిగిన అమ్మకాలను అందులో పేర్కొనమని అడగండి. రూపాయిలను పౌండ్లలోకి మార్చేటప్పుడు కూడా మరణ తేదీ నాటి మారకపు రేటే వాడాలి.

హక్కు. తాతలనాటి పొలంలో తండ్రి వాటా ఎంత? విభజన జరిగిందా, నోటిమాట పంపకమేనా? పట్టాదారు పాస్‌పుస్తకం, ఈసీ, ఉంటే విభజన దస్తావేజు తీసుకుని వాటా ఎంతో తేల్చండి. పాస్‌పుస్తకంలో ఒకరి పేరే ఉన్నా, అనుభవంలో ముగ్గురు అన్నదమ్ములు ఉంటే, ఆ విషయాన్ని కాగితాలతో వివరించాలి. మొత్తం పొలం ఆయనదేనని రాసినా తప్పే, అసలు రాయకపోయినా తప్పే.

వ్యవసాయ భూమి. బ్రిటన్‌లో వ్యవసాయ ఆస్తికి పన్ను రాయితీ ఉంది. అది కృష్ణా డెల్టాలోని పొలానికో, నిజామాబాద్‌లోని పొలానికో వర్తించదు. ఆ గడిలో పొరపాటున గుర్తుపెట్టినవారు ముందే సరిచేసుకోవాలి.

బ్యాంకులు. ఎన్‌ఆర్‌ఓ, ఎన్‌ఆర్‌ఈ ఖాతాలు, ఫిక్స్‌డ్ డిపాజిట్లలో మరణ తేదీ నాటి నిల్వతో పాటు, ఆ రోజు వరకు పేరుకున్న వడ్డీ కూడా చూపించే పత్రం కావాలి. ఉత్త స్టేట్‌మెంట్ చాలదు, ఎందుకంటే డిపాజిట్ మీద ఆ రోజు వరకు పేరుకున్న వడ్డీ అందులో కనిపించకపోవచ్చు. నామినీగా తమ్ముడి పేరు ఉన్నంత మాత్రాన ఆ డబ్బు చనిపోయినవారి ఎస్టేట్‌లోంచి బయటికి పోదు.

ఈ ఖాతాలను చెప్పకపోతే ఎవరికి తెలుస్తుందన్న ఆలోచనను మొదట్లోనే విడిచిపెట్టండి. భారతదేశం, బ్రిటన్ రెండూ ఆర్థిక ఖాతాల సమాచారాన్ని 2017 నుంచి స్వయంచాలకంగా ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. వదిలేసిన ఖాతా ఒక్కటి బయటపడితే చాలు, మీ క్లియరెన్స్ మీద ప్రశ్న లేస్తుంది.

బంగారం. లాకర్‌లోని నగలను ఇల్లాలివా, చనిపోయినవారివా, కూతురి పెళ్లికి ఎప్పుడో ఇచ్చేసినవా అని విడదీసి రాసుకోండి. చనిపోయినవారివైతే విలువ కట్టించి చూపాలి.

భారత్‌తో 1956 నాటి ఎస్టేట్ డ్యూటీ ఒప్పందం గురించి కూడా చాలామంది అడుగుతారు. భారత్ 1985లో ఎస్టేట్ డ్యూటీ రద్దు చేసినా, ఆ ఒప్పందం ఇంకా అమల్లో ఉంది. చనిపోయినవారి డొమిసైల్, అంటే చట్టం దృష్టిలో వారి స్వస్థలం, భారతదేశమే అయితే, బ్రిటన్ బయటి ఆస్తికి మినహాయింపు దొరకవచ్చు. ఆ ఆస్తి బ్రిటన్ చట్టం కింద రాసిన వీలునామా ద్వారా సంక్రమించకపోవడం వంటి షరతులు ఉన్నాయి. ముప్ఫై ఏళ్లు లెస్టర్‌లో ఉండి అక్కడే ఇల్లు కట్టుకున్నవారి విషయంలో డొమిసైల్ భారతదేశమని నిరూపించడం తేలిక కాదు. ఈ మినహాయింపు కోరుకుంటే, ఇందులో అనుభవం ఉన్న సొలిసిటర్‌ను ఐహెచ్‌టీ400కి ముందే కలవండి. క్లియరెన్స్ దశలో దీన్ని కొత్తగా లేవనెత్తితే మొత్తం లెక్క మళ్లీ మొదటికి వస్తుంది.

సరిచూసుకోవలసినవి:

- ఐహెచ్‌టీ417లో, అంటే విదేశీ ఆస్తుల షెడ్యూల్‌లో, ప్రతి ఆస్తీ ఉందా
- ప్రతి విలువ పక్కన మరణ తేదీ నాటి మారకపు రేటు రాశారా
- ప్రతి వాటాకూ ఒక పత్రం ఉందా
- ఎల్‌ఐసీ పాలసీలు, పీపీఎఫ్, డీమ్యాట్ షేర్లు మరిచిపోలేదా

6. కానుకల లెక్క మళ్లీ ఒకసారి చూడండి

ఊళ్లో తమ్ముడి ఇల్లు కట్టుకోవడానికి పంపిన డబ్బు, మేనకోడలి పెళ్లికి ఇచ్చినది, కొడుకు మొదటి ఇంటి డిపాజిట్‌కు సర్దినది, ఇవన్నీ కానుకలే. మరణానికి ముందు ఏడేళ్ల బ్యాంకు స్టేట్‌మెంట్లు వరుసగా చదవడం తప్ప దీనికి దగ్గరిదారి లేదు.

కొన్నిటికి మినహాయింపు ఉంది. ఏడాదికి 3,000 పౌండ్ల వరకు, పెళ్లి సందర్భంలో తల్లిగానీ తండ్రిగానీ ఇచ్చే 5,000 పౌండ్ల వరకు పన్ను ఉండదు. తల్లిదండ్రులకు నెలనెలా క్రమం తప్పకుండా పంపిన డబ్బు, పంపినవారి ఆదాయంలోంచే వచ్చి, వారి జీవన స్థాయికి లోటు రాకుండా ఉంటే, 'ఆదాయం నుంచి మామూలు ఖర్చు' కింద మినహాయింపు అడగవచ్చు. దానికి ఏడాదివారీగా ఆదాయం, ఖర్చు చూపాలి. ఐహెచ్‌టీ403 షెడ్యూల్‌లో అందుకు పట్టిక ఉంది. ఇది చాలామంది వదిలేసుకుంటున్న హక్కు అనిపిస్తుంది.

కానుక మీద పన్ను పడితే ముందు బాధ్యత దాన్ని అందుకున్నవారిదే. వారు కట్టకపోతే, మరణించిన నెల ముగిసిన 12 నెలల తరువాత హెచ్‌ఎంఆర్‌సీ ఎగ్జిక్యూటర్‌ను అడగవచ్చు. అందుకే ఆ తమ్ముడితోనో మేనకోడలితోనో ముందే మాట్లాడి, ఎవరు ఎంత కడతారో తేల్చుకోవాలి. మాట్లాడటం ఇబ్బందిగా ఉంటుందని తెలుసు. అయినా ఆస్తి పంచేశాక మాట్లాడటం ఇంకా కష్టం.

7. విలువల మీద ప్రశ్నలు పూర్తిగా ముగియనివ్వండి

బ్రిటన్‌లోని ఇంటి విలువను హెచ్‌ఎంఆర్‌సీ ప్రభుత్వ వాల్యుయర్‌కు పంపి సరిచూడవచ్చు. ఆ చర్చ నడుస్తుండగా ఐహెచ్‌టీ30 పంపితే ప్రయోజనం ఉండదు.

ఇదే సమయంలో మీకు రావలసినది కూడా చూసుకోండి.

- చనిపోయినవారి లిస్టెడ్ షేర్లను 12 నెలల లోపు నష్టానికి అమ్మి ఉంటే, ఐహెచ్‌టీ35 ద్వారా అమ్మిన ధరను లెక్కలోకి తీసుకోమని అడగవచ్చు.
- ఇల్లు, స్థలం అయితే ఐహెచ్‌టీ38. మూడేళ్ల లోపు అమ్మకాలకు ఇది వర్తిస్తుంది, నష్టానికి అమ్మితే నాలుగో ఏడాదిలో జరిగిన అమ్మకాన్నీ అడగవచ్చు.

ఒక జాగ్రత్త. నష్టం వచ్చినవాటిని మాత్రమే ఏరుకుని చూపడం కుదరదు, ఆ కాలంలో జరిగిన లాభపు అమ్మకాలు కూడా లెక్కలోకి వస్తాయి. ఇల్లు అమ్మకానికి పెట్టి, ధర తగ్గేలా కనిపిస్తుంటే, అమ్మకం ముగిసేవరకు క్లియరెన్స్ దరఖాస్తు ఆపడమే మేలు.

8. దిద్దుబాటు ఖాతా పంపండి

మార్పుల పుస్తకంలోని అంశాలన్నీ సీ4 అనే ఫారంలోకి ఎక్కించండి. ఇది దిద్దుబాటు ఖాతా. స్కాట్లండ్‌కు దీనికి వేరే రూపం ఉంది. ప్రతి పంక్తికీ పాత విలువ, కొత్త విలువ, మారిన కారణం రాసి, రుజువుల నకళ్లు జతచేయండి. అసలు పత్రాలు మీ దగ్గరే ఉంచుకోండి.

అందులో కవరింగ్ లేఖ ఒకటి పెట్టి, "ఇది మాకు తెలిసినంతవరకు తుది లెక్క, తేలే పన్ను చెల్లించాక క్లియరెన్స్ కోరతాము" అని ఒక వాక్యం రాయండి. ఫైల్ చూసే అధికారికి మీరు ఏ దశలో ఉన్నారో వెంటనే అర్థమవుతుంది.

9. చివరి చెల్లింపు, వడ్డీ

హెచ్‌ఎంఆర్‌సీ తుది లెక్క పంపాక మూడు విషయాలు సరిచూడండి.

- నిల్-రేట్ బ్యాండ్, అంటే పన్ను పడని పరిమితి, 3,25,000 పౌండ్లు, సొంత ఇల్లు పిల్లలకు వెళ్తుంటే మరో 1,75,000 పౌండ్ల వరకు, ముందే చనిపోయిన భార్య లేదా భర్త వాడుకోని వాటా, ఇవన్నీ వచ్చాయా
- మీరు కట్టిన ప్రతి మొత్తమూ సరైన రిఫరెన్స్ నంబర్ మీద జమ అయిందా
- వడ్డీ ఏ తేదీ వరకు లెక్కించారు

మూడోది చిన్నదే గానీ తరచూ ఇబ్బంది పెడుతుంది. లెక్క వచ్చిన రోజుకు, మీ డబ్బు చేరిన రోజుకు మధ్య కొద్దిపాటి వడ్డీ చేరుతుంది. ఆ పది ఇరవై పౌండ్లు బాకీ ఉన్నా పూర్తి చెల్లింపు కానట్టే. ఇండియా నుంచి డబ్బు పంపేవారైతే మధ్యలో బ్యాంకులు కోసుకునే రుసుములను కూడా కలుపుకుని పంపాలి.

ఇంటి మీద పన్నును పదేళ్ల వాయిదాల్లో కడుతున్నవారు, మిగిలిన వాయిదాల బాధ్యత ఏ పత్రంతోనూ మాయం కాదని గుర్తుంచుకోవాలి. ఇల్లు అమ్మితే మిగిలినదంతా ఒకేసారి కట్టాలి.

10. ఐహెచ్‌టీ30 నింపడం, పంపడం

ఫారంను ప్రభుత్వ వెబ్‌సైట్ గవ్.యూకే నుంచి తీసుకోండి. పాతది ఎవరో ఇచ్చారని వాడవద్దు. నింపేటప్పుడు:

- చనిపోయినవారి పేరు ఐహెచ్‌టీ400లో, ప్రొబేట్‌లో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా రాయండి. ఇంటిపేరు ముందు రాసే మన అలవాటు వల్ల, పాస్‌పోర్టులో ఒకలా, ఇండియా పత్రాల్లో ఒకలా పేర్లు ఉంటాయి. అన్ని రూపాలూ కవరింగ్ లేఖలో చెప్పండి.
- మరణ తేదీ, హెచ్‌ఎంఆర్‌సీ రిఫరెన్స్ నంబర్ రాయండి.
- ఖాతా సమర్పించిన ఎగ్జిక్యూటర్లందరూ సంతకం చేసేలా చూడండి. ఒకరు గుంటూరులో ఉంటే, కొరియర్‌కు పట్టే రోజులు ముందే లెక్కవేసుకోండి.
- డిక్లరేషన్ చదివి సంతకం చేయండి. మీకు తెలిసినంతవరకు అన్నీ చెప్పామని, పన్ను తీర్చామని మీరు అక్కడ మాట ఇస్తున్నారు.

పంపవలసిన చిరునామా: ఇన్హెరిటెన్స్ ట్యాక్స్, హెచ్ఎం రెవెన్యూ అండ్ కస్టమ్స్, బీఎక్స్9 1హెచ్‌టీ. ఈ పోస్ట్‌కోడ్‌కు వీధి పేరుగానీ ఊరి పేరుగానీ అక్కర్లేదు. ఫారం నకలు, పంపిన రసీదు దాచుకోండి.

ట్రస్టులకు, జీవితకాలంలో చేసిన బదిలీలకు ఐహెచ్‌టీ100 ఖాతా ఇచ్చినవారు కూడా ఇదే ఫారం వాడతారు.

11. తరచూ జరిగే పొరపాట్లు, వాటి దిద్దుబాటు

వేరే లేఖను క్లియరెన్స్ అనుకోవడం. 2024 జనవరి నుంచి ప్రొబేట్ దరఖాస్తు కోసం హెచ్‌ఎంఆర్‌సీ ఒక కోడ్ ఉన్న లేఖ పంపుతోంది. అది ప్రొబేట్‌కు మాత్రమే. పన్ను కట్టిన రసీదు, లెక్క చూపించే లేఖ కూడా క్లియరెన్స్ కావు. మీ దగ్గర ఉన్నది ఏదో తెలియకపోతే, అందులో ఇక పన్ను బాధ్యత లేదన్న మాట స్పష్టంగా ఉందో లేదో చూడండి.

మరీ తొందరగా పంపడం. ఇల్లు ఇంకా అమ్మకంలో ఉంది, ఇండియాలో వాటా తేలలేదు, అయినా ఫారం పంపారు. దిద్దుబాటు: వెంటనే లేఖ రాసి ఏమేమి తేలలేదో చెప్పండి, తేలాక సీ4తో పాటు కొత్త దరఖాస్తు పంపండి.

ఏమీ అడగకుండా ఊరుకోవడం. క్లియరెన్స్ లేకపోయినా, హెచ్‌ఎంఆర్‌సీ అంగీకరించిన చెల్లింపు మీద సాధారణంగా నాలుగేళ్ల తరువాత మళ్లీ చర్య తీసుకోరు. అజాగ్రత్త వల్ల పన్ను తగ్గితే అది ఆరేళ్లు, ఉద్దేశపూర్వకమైతే ఇరవై ఏళ్లు. ఈ కాలం లెక్కపెట్టుకుంటూ కూర్చోవడం కన్నా పత్రం అడగడమే తేలిక.

మొత్తం పంచేయడం. వారసుల ఒత్తిడి వల్ల జరిగే పొరపాటు ఇది. కొంత పంచవచ్చు, కానీ పన్ను, వడ్డీ, ఖర్చులకు తగినంత ఎస్టేట్ బ్యాంకు ఖాతాలో ఆపండి. ఎంత ఆపారో, ఎందుకు ఆపారో వారసులందరికీ ఒకే ఈమెయిల్‌లో రాసి పంపండి. ఒకరికి ఫోన్‌లో, మరొకరికి వాట్సాప్‌లో చెబితే మాటలు మారిపోతాయి.

12. పత్రం వచ్చాక

ధ్రువీకరణ లేఖ రూపంలో వచ్చినా, ముద్ర వేసిన ఫారం రూపంలో వచ్చినా, అందులోని పేరు, తేదీ, రిఫరెన్స్ నంబర్ సరిచూసి స్కాన్ చేయండి. నకలు ప్రతి వారసుడికీ పంపండి.

చివరి పంపకానికి ముందు మరో రెండు విషయాలు చూసుకోవాలి. అప్పులవాళ్లు ముందుకు రావాలని బ్రిటన్ అధికారిక పత్రిక ది గెజెట్‌లో ప్రకటన ఇచ్చి ఉంటే, కనీసం రెండు నెలల గడువు ముగిసిందా? వీలునామాలో తగిన వాటా దక్కలేదని కుటుంబ సభ్యులు కోర్టుకు వెళ్లడానికి ప్రొబేట్ నుంచి ఉన్న ఆరు నెలల గడువు దాటిందా? రెండూ దాటితే పంపకం చేయవచ్చు.

ఆ తరువాత ఒకనాడు పాత ఇనప్పెట్టెలో ఒక డిపాజిట్ రసీదో, ఊళ్లో పేరు మార్చని ఒక స్థలమో బయటపడితే, దాన్ని వెంటనే సీ4 మీద తెలియజేయండి. తెలిసిన ఆరు నెలల్లోగా చెప్పడం మీ బాధ్యత. ఆ ఒక్క ఆస్తి మీద పన్ను లెక్కవేసి కట్టించుకుంటారు. అది కూడా తీర్చాక, మళ్లీ ఐహెచ్‌టీ30 పంపి కొత్త ధ్రువీకరణ తీసుకుని, పాతదానితో పాటు అదే ఫైల్‌లో పెట్టండి.